అప్పాయమ్మకి వెయ్యని సూది

ఒంట్లో ఏ రోగం లేని పెద్ద డాక్టరు, నాకూ సూది వెయ్యమని శిష్యుడి ముందు చెయ్యి చాపాడు. నమ్మండి చూద్దాం. నమ్మరు కదా, వినండి మరి.

తెల్లోళ్ళ కాలం, కాకినాడ ఆస్పత్రి. శిష్యుడి పేరు సత్యానందం, కొత్తగా డాక్టరయ్యాడు. మైక్రోస్కోపులో ఇలా కన్ను పెట్టి అలా తీసేసేవాడు. నెత్తురు విరేచనాలతో ఎవరొచ్చినా పేగుల్లో అమీబా పురుగు అనేవాడు, దాన్ని చంపే ఎమెటిన్ సూది పొడిచేవాడు. చాలామందికి తగ్గేది కూడా. అందుకే ఆ పొగరు.

అప్పాయమ్మకి మాత్రం తగ్గలేదు. నర్సాపురం వైపు లేసులల్లుకునే మనిషి. సూదులు వేయించుకుని వెళ్ళడం, మళ్ళీ రావడం. ఈసారి నాడి తడబడుతోంది. ఆ మందు గుండెని దెబ్బ కొడుతుంది. ఇంకో విడత పడితే మనిషి దక్కదు.

అయినా సత్యానందం సూదిలోకి మందు లాగేశాడు. గురువు పేర్రాజు గారు ఆపారు. ఏ పురుగూ లేకుండానే పెద్దపేగు పుండ్లు పడే జబ్బు ఒకటుందని తెల్లోళ్ళ సీమలో ఎప్పుడో గుర్తించారు కదరా అన్నారు. అది దొరలకొచ్చే జబ్బండీ, మనోళ్ళకి రాదు అన్నాడు ఇతను. పైగా ఆవిడ స్లైడు నిండా అమీబాలేనట.

ఆయన వాదించలేదు. తన గదిలోకెళ్ళి, అయోడిన్ చుక్క వేసిన ఇంకో స్లైడు తెచ్చారు. ఇదీ చూడు, కొత్త పేషెంటు అన్నారు.

సత్యానందం కన్ను పెట్టాడు, తీశాడు.

"అమీబాయేనండీ. బోలెడున్నాయి."

"సూది వెయ్యాలా?"

"ఇవాళే వెయ్యాలండి."

పేర్రాజు గారు మళ్ళీ గదిలోకెళ్ళి, భోజనం దగ్గర మిగిలిన మజ్జిగ గ్లాసు తెచ్చుకున్నారు. అడుగుదాకా తాగి, మూతి తుడుచుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచారు.

"అయితే నాకు వెయ్యి. ఆ స్లైడు మీదున్నది ఈ మజ్జిగే."

సత్యానందం అప్పాయమ్మ స్లైడు మళ్ళీ పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి మెడ పట్టేసేదాకా కన్ను తియ్యలేదు. ఒక్క అమీబా కూడా దొరకలేదు. తర్వాత లేచి, సూదిలో మందు తొట్లోకి వదిలేశాడు.

"మరి జబ్బు పేరేం రాయమంటారండీ?"

"కనపడింది రాయి. పేరు తర్వాత."

సత్యానందం అప్పాయమ్మ మంచం పక్కకి స్టూలు లాక్కున్నాడు. ఇది ఎప్పణ్ణించమ్మా అని అడిగాడు.

ఆవిడ లేసు పక్కన పెట్టింది. "పెళ్ళికి ముందు నించీ బాబూ. పోద్ది, మళ్ళీ వస్తాది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగ..."

ఆ వస్తున్నానే! సరే, అమ్మ పిలుస్తోంది. అన్నంలో మజ్జిగ పోసేసిందంట.