కూర్చున్న రాక్షసుడు

ఆర్యక గురువుది చిత్రమైన అలవాటు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు. తుంగచాప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటాడు. అది చూడగానే కథ రాబోతోందని శిష్యులకు తెలిసిపోతుంది.

ఆ ఉదయం కీర్తిసేనుడు మూతి ముడుచుకుని వచ్చాడు. మర్నాడే అతను మిత్రులతో మంచుకొండల మీదికి దండెత్తి వెళ్ళాలి. రాజుగారు ఆ జట్టులో ఒక పండు ముసలి సాహసికుణ్ణి కూడా చేర్చారు.

"స్వామీ, కత్తి ఎత్తలేనివాణ్ణి మాకెందుకు తగిలించారు? మేం శత్రువుతో పోరాడాలా, ఆయన్ని మోసుకు తిరగాలా? మీరొక్క మాట చెబితే రాజుగారు వింటారు" అన్నాడు.

గురువు సర్దుకుని కూర్చున్నాడు.

పూర్వం చంద్రవేణి అనే నది ఎండిపోయింది. గండశిలుడనే రాక్షసుడు వచ్చి ఆ నది పుట్టే గుహకు అడ్డంగా కూర్చున్నాడు. చుక్క నీరు కిందికి రావడం లేదు. పల్లెల్లో మళ్ళు నెర్రెలు విచ్చాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే జనం ఊళ్ళు వదిలిపోవలసిందే. ఎందరో వీరులు వెళ్ళారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే తిరిగొచ్చారు. కూర్చున్న శత్రువు మీద కత్తి ఎత్తకూడదని ఆ దేశపు వీరధర్మం మరి! ఎంత రెచ్చగొట్టినా రాక్షసుడు లేవడు. మన ధర్మాన్ని మనకే అడ్డం పెట్టాడు, తాడిని తన్నేవాడి తల తన్నేవాడు వీడు, అని లోకమంతా వాడి యుక్తికి జడిసింది.

చివరికి యువరాజు రణధీరుడు బయల్దేరాడు. దారి తెలిసినవాడని తిప్పన్న తాతను వెంటబెట్టారు. ఒకప్పుడు ఆయన ఎక్కని కొండ లేదు. ఇప్పుడు మాటలే మిగిలాయి. నడిచినంతసేపూ పాత సాహసాలు చెప్పేవాడు, కూర్చుంటే మాత్రం ఇద్దరు పట్టి లేపాలి. "ఉండండర్రా! మోకాళ్ళకు కబురు పంపాను, ఇంకా జవాబు రాలేదు" అనేవాడు. జట్టంతా పగలబడి నవ్వేది. రణధీరుడికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. పల్లెలు మాడిపోతుంటే మజిలీ మజిలీకీ ఈయన మోకాళ్ళకు ఆముదం కాచడమేమిటని లోలోపల ఉడికిపోయేవాడు.

గుహ చేరారు. రణధీరుడు కత్తి దూశాడు, వంశం పేరు చెప్పుకున్నాడు, తొడ చరిచాడు.

"లేవరా! మగాడివైతే లేచి నిలబడు!"

రాక్షసుడు కొండలు అదిరేలా గర్జించాడు కానీ లేవలేదు. యువరాజు నోటికొచ్చినట్టల్లా తిట్టాడు. రాక్షసుడి కళ్ళు ఎర్రబడ్డాయి, మీసాలు అదిరాయి. రెండు చేతులూ రాతికి ఆనించి ముందుకు వంగాడు. అంతలోనే వెనక్కి చేరగిలబడి వికటంగా నవ్వాడు. రణధీరుడు నీరుగారిపోయాడు. దారిలో ఖాళీ బిందెలు ఎత్తి చూపించిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళకు ఏ మొహం పెట్టుకుని కనిపించాలో తెలియక ఏడుపొచ్చినంత పనైంది.

చేతికర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్న తిప్పన్న తాత మెల్లగా అన్నాడు.

"బాబూ, వాడి చేతులు చూశావా? అది యుక్తి కాదు. రోజూ నేను చేసేదే."

ఇలా అని కర్ర ఊతంగా తిన్నగా రాక్షసుడి దగ్గరికి వెళ్ళాడు. "ఏమయ్యా గండశిలా, మోకాళ్ళు పట్టేసి ఎన్నాళ్ళయింది?"

రాక్షసుడు గుడ్లురిమాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నిరుటి వానాకాలం నుంచి, పెద్దాయనా! కాసేపు బెదిరించి పోదామనే కూర్చున్నాను. లేద్దామంటే కుదిరితేనా! వచ్చినవాడల్లా లేవరా అంటాడే తప్ప, లేవగలవా అని ఒక్కడూ అడగడే! రాక్షసుణ్ణి కదా, నా అంతట నేనెలా చెప్పుకోను?"

వీరులు నోళ్ళు తెరిచారు. తాత నవ్వలేదు. ఆముదం వెచ్చచేయించి, పక్కనే చతికిలబడి, తాటిమొద్దుల్లాంటి ఆ మోకాళ్ళకు ఓపిగ్గా మర్దన చేశాడు. ఆపైన యువరాజు వంక చూశాడు. రణధీరుడు కత్తి ఒరలో పెట్టి, వచ్చి రాక్షసుడి చంక కింద భుజం ఆనించాడు. రెండో వైపు జట్టంతా పట్టింది.

"తొందరపెట్టకండర్రా, కబురు అందాలి" అన్నాడు తాత. రాక్షసుడే ముందు నవ్వాడు. ఆ నవ్వులోనే మూలుగుతూ లేచాడు. వాడి వెనక నుంచి చంద్రవేణి ఒక్క ఉరుకున దూకి అందరినీ తడిపేసింది. యువరాజు కిరీటం ఆ నీళ్ళలో పల్లెల వైపు కొట్టుకుపోతుంటే, అతను పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

గురువు కథ ఆపాడు. కీర్తిసేనుడు వచ్చిన పని మరిచిపోయి నవ్వుతున్నాడు.

"మరి యుద్ధం, స్వామీ?"

"ఆ తడిలో ఎవరికీ గుర్తు రాలేదు, నాయనా."

అంటూ గురువు రెండు చేతులూ చాపకు ఆనించి ముందుకు వంగాడు. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న ఆ చేతులను కీర్తిసేనుడు ఆ రోజే చూశాడు. గబుక్కున వెళ్ళి భుజం పట్టుకున్నాడు.

"తొందరపడకు, ఇప్పుడే కబురు పంపాను" అన్నాడు గురువు.