ప్రతిభకు పందిరి వేసిన అడవి

అనగనగా అనేంత పాత కథేం కాదు. అయినా కథకు మర్యాద కాబట్టి అనగనగానే అనుకుందాం. ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. "మనంతటివాళ్లు ఎక్కడా లేరు" అని రోజుకోసారైనా అనుకోకపోతే అక్కడి జంతువులకు తిన్నది అరిగేది కాదు.

ఆ అడవి అంచున, వాగు పక్కనే ఉన్న ఒక పెద్ద ఇప్పచెట్టు తొర్రలో సింగారి అనే ఉడుత కాపురం ఉండేది. ఆమెకు ఇంకా కళ్లు తెరవని పిల్లలు ముగ్గురు.

ఒకనాడు అడవి పెద్ద, ఎలుగుబంటి భల్లయ్య సభ పెట్టాడు.

"బయటివాళ్లు వచ్చిపడుతున్నారు. ఇకమీదట ఏ పనైనా ముందు మనవాళ్లే చేసి చూడాలి. మనలో ఎవరికీ చేతకాదని తేలితేనే బయటివాళ్లకు దారి. అదీ వాగు దాటి, నేల మీద నడిచే రావాలి. ఒప్పుకున్నవాళ్లు తోకలెత్తండి!" అన్నాడు.

భల్లయ్యకు ఎత్తడానికి చెప్పుకోదగ్గ తోక లేదు. అందుకే ఎప్పుడూ సభకు అధ్యక్షుడిగా ఉండేవాడు.

అందరికంటే ముందు లేచిన తోక సింగారిది. తను దాచుకున్న గింజలు ఎవరో వచ్చి తినేస్తారని ఆమె భయం. అంతవరకూ ఒక్క గింజ కూడా ఎవరూ తినలేదు. కానీ భయానికి అలాంటి లెక్కలు అక్కర్లేదు కదా!

ఎండలు ముదిరాయి. ఒకరోజు తొర్ర గోడలోంచి కరకరమని చప్పుడు వినిపించింది. సింగారి చెవి ఆనించింది. పురుగులు! చెట్టును లోపలినుంచి తొలిచేస్తున్నాయి. వానలతో గాలి వచ్చిందంటే చెట్టు నిలవదు. పిల్లలేమో కొమ్మ పట్టుకునే వయసు కూడా కాదు.

సరిగ్గా అప్పుడే వాగు అవతల పైడమ్మ అనే వడ్రంగిపిట్ట వచ్చి వాలింది. సింగారి ఊపిరి కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

వాగు గట్టున కాపలా ఉన్నది ఉడుము. పట్టుకుంటే వదలదని దానికా ఉద్యోగం ఇచ్చారు.

"రెక్కలు ముడుచుకో. నడు," అంది ఉడుము.

"వాగులో ఎలా నడవను బాబూ? ఎగిరితే ఒక్క క్షణం పని," అంది పైడమ్మ.

"ఎగిరేవాళ్ల గురించి రూల్లో లేదు. అయినా నీకంత తొందరేం? మా వాళ్లు ఇంకా ప్రయత్నించలేదు."

పైడమ్మ సింగారి వైపు తిరిగింది. "అక్కా, ఇంత తెలివైన రూలు ఎవరు పెట్టారు?"

సింగారి చూపు పక్కకు తిప్పుకుంది. "ఎవరో... పెద్దవాళ్లు."

సరే, ఇప్పలకోన వాళ్ల ప్రయత్నం మొదలైంది. ముందు అడవికోడి వచ్చింది. చెట్టును ఒక్క పోటు పొడిచి, ముక్కు పట్టుకుని కూర్చుంది. తర్వాత కాకి వచ్చింది. "నేను పొడవను. పొడిచేవాళ్లుంటే దగ్గరుండి చూసుకుంటాను," అంది. చివరికి ముళ్లపంది వచ్చి కన్నాల్లో ముళ్లు గుచ్చి తిప్పింది. కన్నాలు వెడల్పయ్యాయి. పురుగులకు రాకపోకలు సులువయ్యాయి.

"శభాష్!" అని చప్పట్లు కొట్టాడు భల్లయ్య. "చూశారా మనవాళ్ల చురుకు! కాస్త శిక్షణ ఇస్తే చాలు."

"శిక్షణ అయ్యేసరికి చెట్టుండదు బాబాయ్! నా పిల్లలు లోపలున్నారు!" అంది సింగారి.

"నీ చెట్టొక్కటి చూసుకుంటే ఎలాగమ్మాయ్? అడవి మొత్తం గౌరవం చూడాలి కదా!" అన్నాడు భల్లయ్య.

ఈలోగా పక్క అడవి మద్దిమెట్ట పెద్ద, ముసలి ఏనుగు వాగు గట్టున పైడమ్మను చూసింది.

"ఏమ్మా, ఇక్కడ కూర్చుని ఎండిపోతున్నావేం? మా మద్దిచెట్లకూ పురుగే పట్టింది. రా. గూటికి చెట్టు నువ్వే ఎంచుకో. మీ ఆయన్నీ తెచ్చుకో."

"నడిచి రావాలా, పెద్దమ్మా?"

"రెక్కలున్నదానివి, నడవడమెందుకు తల్లీ?"

పైడమ్మ ఎగిరిపోయింది. మర్నాటినుంచి మద్దిమెట్టలో టకటకమని ఒకటే పని. ఆ చప్పుడు ఇప్పలకోనదాకా వినిపించింది. భల్లయ్యకు అది నెత్తిమీద కొట్టినట్టే ఉంది.

"మన ప్రతిభను ఎత్తుకుపోతారా!" అని మళ్లీ సభ పెట్టాడు. ఆ ప్రతిభ మనదెప్పుడయిందని ఎవరూ అడగలేదు. 'ప్రతిభకు పందిరి' అని కొత్త విధానం వచ్చింది. వాగు గట్టున పచ్చటి పందిరి వేశారు. కోయిలను పాటకు పెట్టారు. పందిరి కింద ఉడుము నిలబడి షరతులు చదివింది.

"నిపుణులకు స్వాగతం! ఒంటరిగా రావాలి. చప్పుడు చేయకుండా చెట్లు పొడవాలి. వానలు పడగానే వెళ్లిపోవాలి. నడిచి రావడం మామూలే."

ఒక్క పిట్టా రాలేదు. "ప్రచారం చాల్లేదు," అని పందిరి ఇంకాస్త పొడిగించారు.

ఆ సాయంత్రం పడమటి దిక్కున మబ్బు కమ్మింది. సింగారి ఇక ఎవర్నీ అడగలేదు. ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని, వాగు మీదికి ఒరిగిన కొమ్మల మీదుగా అవతలికి చేర్చింది. మూడో పిల్లతో ఆమె దూకిందో లేదో, వెనక ఇప్పచెట్టు పెళపెళమని విరిగి పందిరి మీదే పడింది. కోయిలా ఉడుమూ ఎలాగో తప్పించుకున్నాయి.

భల్లయ్య గట్టున నిలబడి అరిచాడు. "సింగారీ! నువ్వు ఈ అడవి బిడ్డవే! వెళ్లిపోతావా?"

"వెళ్లిపోకుండా ఏ రూలూ పెట్టలేదు కదా బాబాయ్, రాకుండానే పెట్టుకున్నాం," అంది సింగారి. పెట్టుకున్నాం అన్నప్పుడు ఆమె గొంతు కాస్త తగ్గింది.

అవతల ముసలి ఏనుగు ఆమెను చూసింది. "నీకేం పని వచ్చమ్మా?"

సింగారికి సిగ్గేసింది. "గొప్ప పనులేం రావు పెద్దమ్మా. గింజలు పాతిపెడతాను. సగం ఎక్కడ పాతానో మర్చిపోతాను."

ఏనుగు ఫక్కున నవ్వింది. "మర్చిపోయిన గింజలే కదమ్మా అడవయ్యేది! రా, పిల్లలు తడుస్తున్నారు."

నీతి: వచ్చేవాళ్లను ఆపడమే గొప్పనుకున్న చోటినుంచి ఉన్నవాళ్లే ముందు వెళ్లిపోతారు.