వేపగిన్నె అంచు

ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు విరూపాక్ష స్వామికి లేదు. అడిగినవారి చేతికి ఓ కొయ్యముక్క ఇచ్చేవారు. నల్లమల అంచున ఉన్న ఆయన ఆశ్రమంలో ఎవరి గిన్నె వారే చెక్కుకుని అందులోనే తినాలి. పిల్లల గిన్నె మాత్రం వాళ్ళను తీసుకొచ్చిన పెద్దలు చెక్కాలి. అది తయారయ్యేదాకా విస్తరాకే గతి. వెనకటి రోజుల్లో ఆ పని బాడిసతో, ఉలితో సాగేది. స్వామికి భుజాలు పట్టేశాక చేత్తో పట్టుకునే గ్రైండర్ మిషను ఒకటి కొన్నారు. పళ్ళున్న చక్రం బిగిస్తే అది కొయ్యను కొబ్బరి కోరినట్టు తొలిచేస్తుంది. ఆశ్రమంలో ఈ రొద ఏమిటని పాత శిష్యుడొకడు దెప్పితే, "నాకు వైరాగ్యం వచ్చింది గానీ నా కీళ్ళకు ఇంకా రాలేదు నాయనా" అన్నారు.

ఆ వేసవిలో హైమవతి కూతురు శర్వాణిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె పెళ్ళికి ముందు నుంచే స్వామి శిష్యురాలు. భర్త జాంబియాలో ఓ సిమెంటు కర్మాగారంలో ఇంజనీరు. పిల్ల పుట్టిందీ, పెరుగుతున్నదీ అక్కడే. పాప బావి వైపు వెళ్ళగానే హైమవతి గొంతు తగ్గించి, దారి పొడుగునా మోసుకొచ్చిన ప్రశ్నను బయటపెట్టింది.

"అక్కడ మంచీ చెడ్డా చెప్పడానికి నేనొక్కదాన్నే స్వామీ. ఇక్కడైతే నేను కసిరినా అమ్మమ్మ కొంగు ఉంటుంది, పిన్ని ఒళ్ళు ఉంటుంది. అక్కడ కసిరేదీ నేనే, దగ్గరికి తీసుకునేదీ నేనే. నా కోపం ఎంతో సేపు ఉండదు. ఆ వెంటనే నేనే పిలుస్తాను. ఇదివరకు పరిగెత్తుకొచ్చేది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తుంది. మొన్న బళ్ళో పడి మోచెయ్యి చీరుకుపోతే నాకు చెప్పనే లేదు. చొక్కా ఉతుకుతుంటే నెత్తురు మరక కనిపించింది. నేను కోపం మానేశాక కూడా అది ఎందుకు భయపడుతోంది?"

స్వామి అంతా విన్నారు. "పాపకు గిన్నె కావాలి గదా. పొద్దున పూట కరెంటు ఉంటుంది" అని లేచిపోయారు.

గాలివానకు పడిపోయిన వేపచెట్టు దుంగలోంచి ఒక ముక్క కోసి ఇచ్చారు. మిషను ఎలా పట్టుకోవాలో, ఒంటికి ఎంత దూరంలో ఉంచాలో చూపించి, హైమవతి కళ్ళకు అద్దాలు పెట్టించారు. పాపను అవతల అరుగు మీద కూర్చోబెట్టి, మిషను తిరుగుతుండగా దిగకూడదని చెప్పి, తాను గోడకు చేరగిలి కూర్చున్నారు.

హైమవతి ఏ పనినైనా గురి తప్పకుండా చేసే మనిషి. కొయ్యను బల్లకు బిగించి, నడుమ నుంచి అంచు వైపుకు కొద్దికొద్దిగా తొలుచుకుంటూ వచ్చింది. మధ్యమధ్య మిషను ఆపి, చక్రం నిలిచాక, రెండు వేళ్ళ మధ్య గిన్నె గోడ మందం తడిమి చూసేది. ఎక్కడా ఎక్కువ ఉండకూడదు, ఎక్కడా పలచన కాకూడదు. రెండో రోజుకు లోపలి పని పూర్తయింది. పైన వేప పొట్టు తెల్లగా పేరుకుని ఉంది. ఊదితే, కింద కొయ్య చార చక్కగా తేలింది. ఆమెకు సంబరం కలిగింది. ఆ సంబరాన్ని కూతురికి చూపించాలనిపించింది.

స్విచ్ మీద నుంచి వేలు తీసింది. రొద తగ్గింది.

"శర్వాణీ, ఇలా రా. నీ గిన్నె చూద్దువు గాని."

పాప అరుగు మీద నుంచి దిగింది గానీ, అక్కడే నిలబడిపోయింది.

"రావే. ఆపేశానుగా."

"ఇంకా తిరుగుతోందమ్మా" అంది పాప.

ఏమీ కాదని చూపించడానికి హైమవతి మిషనును గిన్నె పక్కనే బల్ల మీద పెట్టింది. చక్రం చెక్కకు తగిలింది. మిషను ఆమె చేతి కింద నుంచి గెంతి, గిన్నె అంచును బొటనవేలంత మేర కొరికి, వైరు పట్టుకు ఆగి పక్కకు ఒరిగింది. స్వామి లేచి ప్లగ్గు పీకారు.

 హైమవతి నోరు అలవాటు మీద నడిచింది.

"పిలిచినప్పుడే వచ్చుంటే నేను ఇలా పెట్టే..."

మాట సగంలో ఉండగానే ఆమె కూతురి మొహం చూసింది. పాప వెనక్కి జరిగి అరుగుకు ఆనుకుని ఉంది. ఆ నిలబడడం హైమవతికి కొత్త కాదు. తమ ఇంటి గుమ్మంలో రోజూ చూసేదే. మిగిలిన సగం మాట ఆమె మింగేసింది.

సాయంత్రం ఆమె స్వామి దగ్గరకు వెళ్ళి, "ఇంకో కొయ్య ఇప్పించండి. మళ్ళీ చెక్కుతాను" అంది.

"దేనికి? అన్నం నిలుస్తుంది."

"అంచు పాడైంది స్వామీ. తినేటప్పుడల్లా దాని కంట పడుతుంది."

"పడనీ. పదును లేకుండా సాపు చెయ్యి, పెదవికి గుచ్చుకోకూడదు" అన్నారాయన. ప్రశ్న సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

మర్నాడు హైమవతి చక్రం మార్చి, గరుకు కాగితం బిళ్ళ బిగించి, ఆ గాటు చుట్టూ సాపు చేసింది. గాటు పోలేదు. కరకుదనం పోయి, చంటిపిల్ల పంటి చిగుళ్ళలా నున్నగా మిగిలింది. పని అయ్యాక స్విచ్ ఆపింది. మిషనును కింద పెట్టలేదు. రెండు చేతులతో ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది. చేతులు లాగాయి. రొద కూతగా మారింది, కూత సన్నబడింది, ఆ తర్వాత గాలి మాత్రమే వినిపించింది. బిళ్ళ మీది మచ్చ ఒకటి కంటికి కనిపించి, మెల్లగా తిరిగి, నిలిచిపోయింది.

అప్పుడు మిషను దించి తల ఎత్తితే, పాప బల్ల దగ్గరే ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. గిన్నె అంచు మీద వేలు పెట్టి, గాటులోకి దించి, మళ్ళీ పైకి తెచ్చింది.

"ఇక్కడ వేలు భలే పడుతోందమ్మా" అంది. ఆ వేలు ఎత్తినప్పుడు మోచేతి మీది పాత దెబ్బ కనిపించింది. హైమవతి దాన్ని చూసి ఊరుకుంది. పాపే చెయ్యి తిప్పి, "ఇదా? మెట్ల మీద పడ్డాను" అని మొదలుపెట్టింది.

గోడ దగ్గర నుంచి స్వామి హైమవతిని అడిగారు.

"ఇప్పుడు పిలిచావా అమ్మా?"