ఉప్పు లేని తొలి విస్తరి

ఒకానొక రాజ్యంలో ఏడాది పొడుగునా ఏదో ఒక మూల ఎవరో ఒకరు పండుగ చేసుకుని తింటూనే ఉండేవారు. చైత్రంలో కొండసీమవాళ్ళు కొత్త మామిడికాయ కోసి, జీలుగు కల్లు దొప్పల్లో పోసుకుని మామిడి పండుగ చేసేవారు. ఎండలు ముదిరితే ఇసుకదిబ్బల మీద తాటిముంజల జాతర. కార్తికంలో మెట్టసీమలో జొన్నకంకులు కాల్చి నలిపి ఊచబియ్యం పండుగ. మార్గశిరంలో పల్లపుసీమలో కొత్తబియ్యం పండుగ. ఆ రాజ్యంలో పుట్టినవాడు ఇది ఏ నెలో మరిచిపోయినా నాలుక గుర్తుచేసేదట.

ఎక్కడ ఏం తిన్నా ఆచారం మాత్రం ఒక్కటే. తొలి విస్తరి పోయినవాళ్ళది. ఊళ్ళో పోయినవాళ్ళందరికీ కలిపి ఒకే విస్తరి వేసి, పక్కన నువ్వులనూనె దీపం పెట్టి, ఇంటింటివాళ్ళూ తమ ముద్ద అందులో పెట్టేవారు. తరువాత అందరూ దానికి వీపు పెట్టి కూర్చునేవారు. దీపం కొండెక్కేదాకా ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. వెనకనుంచి ఎవరు పిలిచినా పలకకూడదు. ఆ తరువాతే బతికున్నవాళ్ళ పంక్తి.

ఆ తొలి విస్తరిలో ఉప్పు వెయ్యరు. ఉప్పు తింటే రుణం, పోయినవాళ్ళను రుణంతో కట్టెయ్యకూడదని పెద్దల మాట.

ఆ రాజ్యానికి ఉద్దండరాయుడు రాజు. తిండిమీద ప్రీతి ఉండటం తప్పేమీ కాదు గానీ, ఆయనకు గొప్పమీద ఉన్న ఆకలి ఏ విస్తరితోనూ తీరేది కాదు. ఆ ఏడు మామిడి పండుగకు వెళ్ళి తొలి విస్తరి చూశాడు.

"నాకంటే ముందు విస్తరా? ఎవరా మహానుభావుడు?" అన్నాడు.

"పోయినవాళ్ళు, దొరా" అన్నారు కొండవాళ్ళు.

"పోయినవాళ్ళు నాకోసం కత్తి పడతారా? కాడి పడతారా? ఈ రాజ్యంలో నాకంటే పెద్ద ఎవరూ లేరు!" అంటూ ఆ విస్తరి ముందు చతికిలబడి మామిడిముక్క కొరికాడు.

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? ఎవరూ నోరెత్తలేదు. ముంజల జాతరలో తొలి ముంజా ఆయనే మింగాడు. ఊచబియ్యం పండుగలో తొలి దోసిలీ ఆయనే పట్టాడు. అన్నీ పళ్ళూ కంకులూ కావడంతో ఉప్పు సంగతి ఆయనకు తెలిసే అవకాశమే రాలేదు.

ఇక మిగిలింది కొత్తబియ్యం పండుగ. అది జరిగేది వరిగడ్డలో. ఆ ఊరివాడే కాచన.

కాచన ఉద్దండరాయుడి కొలువులో మాటకారి. నిండుసభను నవ్వించేవాడే గానీ ఇంటికి వెళితే మాట్లాడటానికి మనిషి లేదు. కొన్నేళ్ళ కిందట, కొత్తబియ్యం పండుగ తెల్లవారితే అనగా, అతని భార్య పేరమ్మ జ్వరంతో పోయింది. పేరమ్మకు ఏ కూరలోనైనా ఉప్పు ఒక పాలు ఎక్కువే పడాలి. "ఉప్పు తక్కువైతే నాకు మొగుడి మాటైనా మింగుడుపడదు" అనేది.

అందుకని కాచన ఏటా ఒక దొంగతనం చేసేవాడు. తొలి విస్తరిలో పెట్టే తన ముద్ద మధ్యలో చిటికెడు ఉప్పు దాచేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయినవాళ్ళను రుణంతో కట్టెయ్యకూడదని అతనికీ తెలుసు. తెలిసినా ఆ రుణం తెంపుకోవడం అతనికి ఇష్టం లేదు.

ఈ ఏడు ఆ ముద్ద రాజుగారి నోట్లోకి పోకుండా ఆపే దారి వెతకసాగాడు.

పండుగ దగ్గరపడుతుండగా ఒకరోజు సభలో రాజు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "ఏమోయ్ కాచనా, నాకొక వెలితి ఉంది" అన్నాడు.

"ప్రభువులకు వెలితా? ఎక్కడుందో చెప్పండి, పూడ్పిస్తాను."

"ఎగతాళి కాదు. ఖాళీ విస్తరి ముందు జనం ఎంత భయంగా, ఎంత భక్తిగా నిలబడ్డారో మామిడి పండుగలో చూశాను. నేను కూర్చున్నాక ఆ భయం లేదు, ఆ భక్తీ లేదు. వడ్డించి పక్కకు తప్పుకుంటున్నారు. చచ్చినవాడికి జరిగే మర్యాద నాకు జరగదా?"

కాచన వెతుకుతున్న దారి దానంతట అదే వచ్చి కాళ్ళ ముందు పడింది.

"ఆ విస్తరికి చాలా మర్యాదలున్నాయి, ప్రభూ. అన్నీ జరిపించమంటారా, కొన్ని చాలునా?"

"కొన్నేమిటోయ్? అన్నీ జరగాలి! వరిగడ్డ పండుగ నీకే అప్పగిస్తున్నాను. ఆ విస్తరికి జరిగే మర్యాదల్లో ఒక్కటి తగ్గినా నీ తల తీయిస్తాను."

"తగ్గకపోతే?"

"నోరారా ఏదడిగితే అదిస్తాను."

"సభవారంతా విన్నారు కదా" అని కాచన నమస్కారం పెట్టాడు. నవ్వుతూనే పెట్టాడు గానీ లోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. దీపం కొండెక్కకముందు ఒక్క మనిషి జడిసి 'మహారాజా' అన్నాడంటే తన తల దక్కదు, పేరమ్మ విస్తరీ దక్కదు.

వరిగడ్డలో ఆ విస్తరి వేసే అధికారం లచ్చవ్వది. చూపు కాస్త మందగించినా నోరు మందగించని ముసలిది. కాచన జరిగిందంతా చెప్పాడు.

"ఒరే కాచనా, అది ఆటగా కూర్చునే చోటు కాదురా. అక్కడ కూర్చున్నవాణ్ణి మనం పోయినవాళ్ళలో కలుపుకున్నట్టే. మన వెంట ఉన్నవాళ్ళు కూడా అట్టాగే అనుకుంటే?"

"వెంట ఉన్నవాళ్ళెవరు, అవ్వా?"

లచ్చవ్వ "సరే, కానియ్యి" అని మాత్రం అంది.

పండుగనాడు పొద్దు వాలుతుండగానే ఏటిమీంచి మంచు లేచింది. కళ్ళంలో పరిచిన కొత్తగడ్డి తడిసి వాసన వేస్తోంది. రాజు కిరీటంతో సహా వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. దీపం వెలిగించారు. ఇంటింటివాళ్ళూ వచ్చి కొత్తబియ్యపు అన్నం, గుమ్మడి పులుసు, కందిపప్పు ముద్దలు ఒక్కొక్కటే పెట్టి, తల ఎత్తకుండా వెళ్ళారు. రాజుగారి భటులూ ఆ రాజ్యంలో పుట్టినవాళ్ళే. వాళ్ళకూ పోయినవాళ్ళున్నారు. వాళ్ళూ ముద్ద పెట్టి వెళ్ళారు.

చివరగా కాచన తన ముద్ద పెట్టాడు. ఆ ఒక్క ఏడూ అందులో ఉప్పు దాచలేదు. ఒక్క ఉప్పుగల్లు పడినా రాజు బతికున్నవాళ్ళ లెక్కలోకి వచ్చేస్తాడు, పన్నిన ఉపాయమంతా పాడైపోతుంది. 'ఈ ఒక్కసారికి ఓర్చుకో పేరమ్మా' అనుకున్నాడు.

ఊరంతా విస్తరికి వీపు పెట్టి కూర్చుంది. కాచనా కూర్చున్నాడు. ఇక చూడటానికి లేదు, వినడమే.

రాజు ముద్ద నోట్లో పెట్టుకున్న చప్పుడైంది. వెంటనే "థూ! ఉప్పేదిరా?" అన్న కేక.

ఎవరూ పలకలేదు.

"వంటవాణ్ణి పిలవండి! మిమ్మల్నే! చెవుడా మీకు?"

అప్పుడు లచ్చవ్వ, ఎదురుగా ఉన్న మంచుతో చెబుతున్నట్టు మొదలుపెట్టింది. తొలి విస్తరి దగ్గర పోయినవాళ్ళను తలుచుకోవడం మర్యాద. ముఖప్రీతి మాటలు బతికున్నవాళ్ళకు, అక్కడ మాత్రం నిజమే చెప్పాలి.

"ఉద్దండరాయుడని ఒక రాజుండేవాడు" అంది. "మంచి భోజనప్రియుడు."

"ఉండేవాడేమిటే? ఉన్నాను!" అని రాజు అరిచాడు.

"వాన పడని ఏడు గాదెలు తెరిపించాడు. అది మరవకూడదు" అన్నాడొక రైతు.

"తెరిపించాడు. ఆనక ఆ గాదెల మీద తన బొమ్మ చెక్కించుకున్నాడు. గింజలకంటే బొమ్మకే ఖర్చెక్కువైంది" అన్నాడు ఇంకొకడు.

"మా అయ్యకు పెట్టిన ముద్ద తిన్నాడు" అన్నాడు రాజుగారి భటుడే. ఆ గొంతులో కోపం లేదు, దిగులు మాత్రమే ఉంది. "మా అయ్య ఆయన యుద్ధంలోనే పోయాడు."

ఆ మాటకు వెనక అరుపులు ఆగిపోయాయి.

కాసేపటికి రాజు గొంతు మళ్ళీ వినిపించింది, చాలా చిన్నగా. "ఎవరది? జరగమంటారేమిటి? చోటు ఎక్కడుంది?"

ఇది కాచన పన్నిన దాంట్లో లేదు. రాజు పక్కన ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఊరంతా ఇటే ఉంది. వెనక్కి తిరగాలని మెడ లాగుతోంది. పళ్ళు బిగించి చేతులు గడ్డిలోకి గుచ్చాడు.

రాజు లేచి పరుగున ముందుకు వచ్చాడు. ఒక భటుడి భుజం పట్టుకుని ఊపితే వాడు కళ్ళు గట్టిగా మూసుకుని, "ఎవరో తాకినట్టుంది, తల్లీ కాపాడు" అని గొణిగాడు. రాజు తన గుర్రం దగ్గరికి వెళ్ళి కళ్ళెం అందుకోబోయాడు. ఆయన చేతి తిండి తిని పెరిగిన గుర్రం చెవులు వెనక్కి వాల్చి, కట్టుతాడు తెగేలా వెనక్కి గుంజుకుంది. మనుషులకైతే కాచన చెప్పి ఉంచాడు. గుర్రానికి ఎవరు చెప్పారు?

ఉద్దండరాయుడు కాచన ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముచ్చెమటలు పోసి కిరీటం పక్కకు ఒరిగింది. "కాచనా, నేను బతికే ఉన్నాను కదూ? ఒక్కసారి అను నాయనా!"

కాచనకు జాలేసింది. కానీ వెనక దీపం వెలుగు ఇంకా గడ్డిమీద ఆడుతూనే ఉంది. చూపు రాజు భుజం మీదుగా మంచులోకి నిలిపి, పెదవి కదపలేదు.

చివరికి దీపం కొండెక్కింది. ఊరంతా ఊపిరి వదిలి లేచి పంక్తి తీరింది. విస్తళ్ళు పడ్డాయి. రాజు అన్నివైపులా చూసి, ఎక్కడా చోటు లేక పంక్తి చివర వట్టి నేలమీద కూర్చున్నాడు. లచ్చవ్వ ఉప్పు వడ్డిస్తూ వచ్చి అక్కడ ఆగింది.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానమ్మా" అన్నాడు రాజు. ఆయన ఒక ఊరిమనిషిని అమ్మా అనడం అదే మొదలు. "కాస్త ఉప్పు పెట్టు తల్లీ."

చాచిన చేతిలో ఆమె ఉప్పు పెట్టింది. అది నాలుకకు తగలగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నాళ్ళూ నీ ఉప్పు తిన్నామని మా చేత అనిపించుకున్నావు. ఇవాళ నువ్వు మా ఉప్పు తిన్నావు. ఇంక మావాడివి, గుర్తుపెట్టుకో" అని విస్తరి వేయించింది.

ప్రాణం కుదుటపడగానే రాజుకు పాతగుణం తిరిగొచ్చింది. "ఏడీ కాచన? వాడి తల..."

"తల ఇక్కడే ఉంది, ప్రభూ" అని కాచన వచ్చి నిలబడ్డాడు. "ముందు ఒక్కమాట సెలవియ్యండి. తొలి విస్తరికి జరిగే మర్యాదల్లో ఏదైనా తగ్గిందా? తగ్గిందంటే మళ్ళీ కూర్చోండి, మొదటినుంచీ జరిపిస్తాను."

"వద్దు వద్దు!" అని రాజు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. పెట్టిన తరువాత తన చేతుల్ని తనే చూసుకుని పకపకా నవ్వాడు. భయం వదిలిన నవ్వు అది, కడుపు పట్టుకునేదాకా ఆగలేదు. "తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! ఒక్క మర్యాదా తగ్గలేదోయ్. మాటంటే మాటే. ఏం కావాలో అడుగు."

"మా పెద్దల విస్తరి మాకు ఇప్పించండి. అన్ని సీమల్లో, అన్ని పండుగల్లో. ఇవాళ వాళ్ళు ఇంకా పస్తున్నారు."

పంక్తిలో ఒక్కరూ ముద్ద ఎత్తలేదని రాజు అప్పుడు చూశాడు. మెడలోని ముత్యాలహారం తీసి కాచన మెడలో వేసి, తన చేతులతో కొత్త విస్తరి పరిచి పక్కన దీపం వెలిగించాడు. భటుడి తండ్రి కోసం మొదటి ముద్ద తానే పెట్టాడు.

జనం మళ్ళీ ముద్దలు పట్టుకుని వరుస కడుతుంటే రాజు కాచనను పక్కకు పిలిచాడు. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నా పక్కన ఆ మనుషుల్ని ఎందుకు కూర్చోబెట్టావయ్యా? అదొక్కటే కాస్త ఎక్కువైంది."

"ఎవరినీ కూర్చోబెట్టలేదు, ప్రభూ."

"దాచకు. జరుగు నాయనా, మేమూ తినాలి అంటూ చుట్టూ చేరలేదూ? అందులో ఒకావిడ, ముక్కుకు ఎర్రరాయి బేసరి, ముఖాన పసుపు. నా మాటే పట్టించుకోకుండా విస్తరి చివరున్న ముద్ద విప్పి చూసి, 'ఈయన ఇవాళ ఉప్పు మరిచారేం?' అని మూతి ముడుచుకుంది."

పేరమ్మను సాగనంపినప్పుడు ఆ ఎర్రరాయి బేసరి తీయడానికి కాచనకు చేతులు రాలేదు.

అతను లచ్చవ్వ దగ్గరికి వెళ్ళి ఉప్పు అడిగాడు. పోయినవాళ్ళ ముద్దలోకి ఉప్పెందుకని ఆమె అడగలేదు. మందగించిన చూపుతో అతని ముఖంలోకి చూసి, ఉప్పు వడ్డించే కొయ్య మరిక ముందుకు జరిపింది. కాచన తన ముద్దలో ఒక చిటికెడు ఈ ఏటికి, ఇంకొక చిటికెడు ఆలస్యానికి వేసి విస్తరిలో పెట్టాడు.

తరువాత అందరితోపాటు వీపు పెట్టి కూర్చున్నాడు. పక్కనే వచ్చి కూర్చున్న మహారాజు, ఇంకా పూర్తిగా వదలని భయంతో అతని చెయ్యి పట్టుకున్నాడు. వెనక గడ్డిమీద ఎవరో వచ్చి సర్దుకుని కూర్చున్నట్టు చిన్న చప్పుడైంది. కాచన తిరిగి చూడలేదు. "సరిపోయిందా?" అని మాత్రం మెల్లగా అడిగాడు.