ఏడాది చదువు, ముంతెడు మజ్జిగ

ఉద్దండరాయుడు పొరుగు రాజ్యం భాష నేర్చుకున్నాడు. తప్పు అక్కడ జరగలేదు. నేర్చుకోవడం అయిపోయిందనుకున్నాడు, అక్కడ జరిగింది.

ఆయన రాజ్యానికీ పొరుగు రాజ్యానికీ మధ్య ఒక ఏరు ఉండేది. ఇవతల ఒక భాష, అవతల ఇంకో భాష. ఇవతలి వాళ్లు పసుపు, చాపలు పడవలో వేసుకెళ్లి అవతలి సంతలో అమ్ముకునేవాళ్లు. రేవు పక్కన పాత సరుకుల పాకలో పేరమ్మ అనే ఆవిడ వాళ్లకు అవతలి భాష నేర్పేది. ఆవిడ పుట్టిల్లు అవతల, అత్తిల్లు ఇవతల. అంతకు మించి ఏ బిరుదూ లేదు.

ఆ పాకలో తాటాకులు, గంటాలు కనిపించేవి కావు. సగం మంది అమ్మేవాళ్లుగా, సగం మంది కొనేవాళ్లుగా కూర్చుని పొద్దస్తమానం బేరాలాడేవాళ్లు. బయటి నుంచి వింటే కొట్లాటలా ఉండేది.

ఆ గోల ఒకరోజు ఆస్థాన పండితుడు నరహరి భట్టు చెవిన పడింది. రాజుకు ఏడాదిగా అవతలి భాష నేర్పుతున్నది ఆయనే.

"ప్రభూ, రేవులో ఒక ఆడమనిషి భాషను బజారుకీడుస్తోంది" అన్నాడు భట్టు. "వ్యాకరణం లేదు, కావ్యం లేదు. చాపల బేరాలు నేర్పుతోంది. దాన్ని కూడా చదువంటే ఇక మా చదువును ఏమనాలి?"

రాజు పేరమ్మను సభకు పిలిపించాడు.

"ఈ శుక్రవారానికి నీ పాకకు తాళం పడాలి" అన్నాడు.

"పడితే మన పసుపువాళ్లు సంతలో నోరెత్తలేరు ప్రభూ. అవతలి వాళ్లు ఎంతంటే అంతకు తలూపి ఇచ్చి రావాలి."

"భట్టుగారి దగ్గర నేర్చుకుంటారు."

"భట్టుగారి చదువుతో ఆ సంతలో మజ్జిగ కూడా దొరకదు."

సభలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. భట్టు ముఖం కందిపోయింది. రాజు చెయ్యి మీసం మీదికి వెళ్లింది.

"నేను భట్టుగారి శిష్యుణ్ణే. వచ్చే నెల పొరుగు రాజు సంధి మాట్లాడడానికి వస్తున్నాడు. దుబాసీని పక్కన పెట్టి నేనే మాట్లాడబోతున్నాను. అలాంటి నాకు మజ్జిగ దొరకదంటావా?"

"సంధికి ముందు మజ్జిగ అడిగి చూసుకోవడం మంచిదే కదా" అంది పేరమ్మ. "సంధిలో తేడా వస్తే యుద్ధం. ఇక్కడ తేడా వస్తే దాహం, అంతే. కిరీటం తీసేసి సంతకు రండి. చేత్తో చూపించకూడదు, మాటతోనే అడగాలి. ముంతెడు మజ్జిగ తాగగలిగితే పాకకు నేనే తాళం వేసి చెవి మీ చేతిలో పెడతాను. తాగలేకపోతే పాక జోలికి రాకండి."

కావ్యాలు చదివిన తనకు ముంతెడు మజ్జిగ ఏపాటిదని రాజు వెంటనే ఒప్పుకున్నాడు.

సంత రోజున మామూలు పంచె, తలపాగా కట్టుకుని రాజు పడవెక్కాడు. వెంట భట్టు, పేరమ్మ. అవతలి ఒడ్డు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఎండ మాడ్చేస్తోంది. సంత మొదట్లోనే ఒక ముసలావిడ మజ్జిగ కుండ ముందు పెట్టుకుని కూర్చుంది.

రాజు గొంతు సవరించుకుని, అవతలి భాషలో తను నేర్చిన పద్ధతిలో మొదలుపెట్టాడు.

"ఓ దధిభాండ శోభితా, మధ్యాహ్న మార్తాండుని ప్రచండ కిరణములచే మదీయ కంఠనాళము శుష్కించినది. తక్రధారచే దానిని సేదదీర్పుము."

ముసలావిడ నోరు తెరుచుకుని చూసింది. "పుల్లదా, కమ్మదా? ఉప్పెయ్యనా వద్దా?" అని గబగబా అడిగింది.

రాజుకు ఒక్క ముక్క అందలేదు. ఏడాది పాటు ఆయన చెబుతుంటే భట్టు "భేష్ ప్రభూ" అనడమే తప్ప, ఆ భాషలో ఎదురు ప్రశ్న ఎవరూ వేసిన పాపాన పోలేదు. ఏం చెయ్యాలో తోచక తర్వాతి పాఠం అందుకున్నాడు. అది చంద్రోదయ వర్ణన.

ముసలావిడ పక్క దుకాణాల వైపు తిరిగి కేకేసింది. "ఇలా రండర్రా, ఎవరో భాగోతులాయన వచ్చాడు. వేషం కట్టకుండానే వరస పెట్టి చదివేస్తున్నాడు."

జనం మూగారు. కొందరు కింద కూర్చున్నారు. ఉల్లిపాయలమ్మే ఆవిడకు వర్ణన బాగా నచ్చి, రాజు చేతిలో బెల్లం ముక్క పెట్టి వెళ్లింది.

రాజు పొంగిపోయాడు. "చూశావా, ఎంత జనం వచ్చారో" అన్నాడు పేరమ్మతో.

"చూశాను. మజ్జిగ ఏది ప్రభూ?"

రాజు భట్టు వంక చూశాడు. భట్టు పెదాలు తడుపుకుని, "ఈవిడ ప్రశ్నలో వ్యాకరణం లేదు. అది లేని ప్రశ్నకు జవాబు చెప్పడం శాస్త్రం కాదు" అన్నాడు. ఆయన గొంతూ ఎండిపోయే ఉంది.

వసంత వర్ణన కూడా అయిపోయింది. ఇక రాజు వల్ల కాలేదు. పేరమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "నిజంగానే దాహం వేస్తోంది."

"ఒక్క వాక్యం చెబుతాను. మా పాకలో మొదటి రోజు పాఠం అదే. 'నాకు మీ భాష సరిగా రాదు, కాస్త నెమ్మదిగా చెప్పండి.'"

"రాదు అనాలా?" అన్నాడు రాజు.

"అనాలి."

"ఇంతవరకు నేను ఏ భాషలోనూ ఆ మాట అనలేదు."

"అందుకే ఇంత కష్టంగా ఉంది."

రాజు వెళ్లి ముసలావిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ వాక్యం తడబడుతూ అన్నాడు. ఆవిడ ముఖం మారిపోయింది.

"ఆ సంగతి ముందే చెప్పొద్దా నాయనా" అని, ఒక్కో మాటా విడదీసి, మళ్లీ అడిగింది. ఈసారి రాజుకు అర్థమైంది. కమ్మదే కావాలన్నాడు. ఉప్పు వెయ్యమన్నాడు. ముంతెడు గటగటా తాగి, ఇంకో ముంత అడిగి మరీ తాగాడు.

భట్టుకు ప్రాణం లేచొచ్చింది. "ప్రభువులు తాగారు. పందెం ప్రకారం పాకకు తాళం పడాలి" అన్నాడు.

పేరమ్మ నడుము దగ్గరి నుంచి తాళంచెవి తీసి రాజు చేతిలో పెట్టింది.

"మాటంటే మాటే. శుక్రవారం తాళం వేసేస్తాను. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి ప్రభూ. భట్టుగారి ఏడాది చదువుకు బెల్లం ముక్క వచ్చింది. నా ఒక్క వాక్యానికి రెండు ముంతల మజ్జిగ వచ్చింది. రెండో వాక్యం ఆ పాకలోనే ఉంది. సంధి నాటికి కావాలంటే తాళం తీసి వెతుక్కోవలసింది తమరే."

రాజు ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో బెల్లం ముక్క పట్టుకుని రెండిటినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. మీసం మీది మజ్జిగ చుక్కలు రాలిపడేలా నవ్వాడు. ఎందుకో తెలియకపోయినా ముసలావిడ కూడా నవ్వింది.

తాళంచెవి పేరమ్మకు తిరిగి ఇచ్చేశాడు. బెల్లం ముక్క భట్టు చేతిలో పెట్టి, "ఏడాది చదువుకు గురుదక్షిణ, స్వీకరించండి" అన్నాడు.

పాకకు పెంకుల కప్పు వేయించాడు. పేరమ్మకు తన మెడలోని ముత్యాలహారం బహూకరించాడు. "రేపటి నుంచి పల్లకీ పంపుతాను. కోటకొచ్చి నాకు పాఠం చెప్పు" అన్నాడు.

"హారం తీసుకుంటాను ప్రభూ, పల్లకీ వద్దు. కోటలో మీకు ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పేవాళ్లు లేని చోట నేను పాఠం చెప్పను. నేర్చుకోవాలంటే తమరే రేవుకు రండి."

రాజు చాప చంకన పెట్టుకుని వచ్చాడు. మొదటి రోజే పసుపమ్మే ఆవిడతో బేరంలో చిత్తుగా ఓడిపోయాడు. మరుసటి నెల సంధిలో పొరుగు రాజు గబగబా మాట్లాడినప్పుడు ఆ మొదటి వాక్యమే చెప్పి, గొడవ లేకుండా సంధి ముగించాడు.

ఆ తర్వాత పేరమ్మ కోసం కోట నుంచి పల్లకీ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఖాళీగానే వెనక్కి వెళ్లింది.