అడ్డం వేసిన కొమ్మ

తిరువేంగళాచార్యులవారు ఏటా చైత్రమాసంలో నల్లమల అడవిలో నాలుగు రోజులు నడిచేవారు. ఆ ఏడు వెంట వెళ్ళింది ఇద్దరే, శిష్యుడు నరహరి, దారులు తెలిసిన చెంచు పెద్ద ఈదన్న. బయల్దేరేముందు నరహరి ఎన్నాళ్ళగానో నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు.

"స్వామీ, పదేళ్ళు మీ దగ్గర చదువుకున్నాను. నలుగురికి దారి చెప్పే యోగ్యత నాకెప్పుడొస్తుంది?"

ఆచార్యులవారు నవ్వి, ఈ పూట నువ్వే ముందు నడువు, మేం నీ వెనకాలే వస్తామన్నారు.

ఇంకేం, నరహరికి కాళ్ళు నేలమీద ఆనలేదు. గురువుగారికి బరువెందుకని నీళ్ళ డబ్బాలు రెండూ తనే భుజాన వేసుకున్నాడు. వెదురు పొదలూ, నడుమెత్తు గడ్డీ దాటి, నల్లరాతి పరుపు దగ్గరికి వచ్చేసరికి దారి రెండుగా చీలింది. ఎడమ దారి లోయలోకి దిగి గంటలో వాగు చేరుతుందనీ, కుడిది కొండంతా చుట్టి చేరుతుందనీ ఈదన్న పొద్దున్నే చెప్పాడు. బాగా వెనకబడ్డవాళ్ళు తికమకపడకూడదు కదా అని, మహానుభావుడు ఇటే రండని గుర్తుగా పచ్చికొమ్మ విరిచి ఎడమ దారికి అడ్డంగా పరిచి, తన తెలివికి తనే మురిసిపోతూ దిగిపోయాడు.

వాగొడ్డున కూర్చుని గంట చూశాడు, రెండు గంటలు చూశాడు. ఎవరూ రాలేదు. వెనక్కి ఎక్కి చూస్తే కొమ్మ వేసినచోటే ఉంది. గురువుగారు డెబ్బై రెండేళ్ళ మనిషి, మండే ఎండ, నీళ్ళన్నీ తన భుజానే ఉన్నాయి. నరహరి "స్వామీ, స్వామీ" అని గొంతు చించుకుంటూ కుడి దారిన పరుగెత్తాడు.

పొద్దు వాలుతుండగా కొండ మలుపులో కనిపించారు. ఈదన్న ఆచార్యులవారిని వీపున మోసుకుంటూ తడబడుతూ నడుస్తున్నాడు. పెద్దాయన పెదవులు పగిలి, కళ్ళు మూతలుపడి ఉన్నాయి. నరహరి ఆయన నోట్లో నీళ్ళు పోశాడు. ఆయన గుటక వేసేదాకా తన ప్రాణం తనలో లేదు. ఆ తర్వాత, దగ్గరి దారి వదిలి ఈ చుట్టుదారి ఎందుకు పట్టించావని ఈదన్న మీద విరుచుకుపడ్డాడు.

ఈదన్న బిత్తరపోయాడు. "నువ్వే కదా సామీ అడ్డకొమ్మ ఏసినావు? ఎలుగుబంటి ఉంటేనే మేం అట్లా ఏస్తాం, ఇటు రావద్దని."

నరహరి సిగ్గుతో చితికిపోయి, గురువుగారి పాదాలు పట్టుకుని ఏడ్చాడు.

ఆచార్యులవారు ఇంకొన్ని నీళ్ళు తాగి నెమ్మదిగా కళ్ళు తెరిచారు. పొద్దుటి ప్రశ్న ఊసెత్తలేదు.

"రేపు ఈదన్న ముందు నడుస్తాడు. కొమ్మలు అతనే వేస్తాడు. నువ్వు వాటిని చదువుకుంటూ రా" అన్నారు.