ఇసుకపీత నిక్కి చూసిన రోజు

ఒకప్పుడు ఇసుకపీత కళ్ళు ఇప్పటిలా పుల్లల చివర నిలబడి ఉండేవి కావు. మొహానికి రెండు మిరియపు గింజలు అతికించినట్టు చదునుగా ఉండేవి. అందుకని ఈ లోకంలో దానికి కనిపించేవల్లా పాదాలే.

ఆ పీత గుల్లలపేటలో ఉండేది. గుల్లలపేట సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. ముప్ఫై గుడిసెలు, పది తెప్పలు, అంతే. తెప్పలు పొద్దున్నే వెళ్ళేవి, మధ్యాహ్నానికి వచ్చేవి. ఆ ఊరికి కొత్తవాళ్ళెవరూ రారు. కుక్కలు కూడా మొరగడం మర్చిపోయాయి. మొరగడానికి ఎవరొచ్చారని?

పీత ఊరందర్నీ పాదాలు చూసే గుర్తుపట్టేది. మడమలు పగిలి ఉంటే పోలమ్మ. ఎడమకాలికి చిటికెన వేలు లేకపోతే ఆమె మొగుడు తాతారావు. చూసిన పాదాలనే చూసి చూసి పీతకి విసుగొచ్చేసింది.

అలాంటిది, ఒకరోజు పొద్దున్నే రెండు కొత్త పాదాలు వచ్చాయి!

వాటికి ఎర్రమట్టి అంటుకుని ఉంది. తెల్ల ఇసుక తప్ప మరోటి లేని ఊళ్ళో ఎర్రమట్టి! పైన లావుపాటి ఇత్తడి కడియాలు. అడుగు వేస్తే ఖణ్ మంటున్నాయి.

"కొత్త మనిషి! కొత్త మనిషి!" అని తెప్ప మీది కాకి అరిచింది. కుక్కకి మొరగడం గుర్తొచ్చింది. గుడిసెల్లోంచి జనం బిలబిలమంటూ వచ్చేశారు.

"ఏ ఊరప్పా నీది? ఎందాకెల్తన్నావు?" పోలమ్మ అడిగింది.

"నా పేరు సుక్రమ్మ. మాది కొండమీద. మా ఇంటెనకాల రాయికింద ఒక ఊట పుడతాది. దోసిట్లో పట్టేంత నీరు. అదే ఏరయ్యి కిందికి పోతాది. రోజూ ఇది ఎక్కడికి పోతాదా అని నా చిన్నప్పట్నించీ ఒకటే ఆలోచన. ఇన్నాళ్ళకి తీరిక దొరికింది. దాని ఎంటే నడిచొచ్చాను. పదకొండు రోజులు!"

"ఏటి, ఏరు ఎక్కడికెల్తాదో చూద్దామనా?" పోలమ్మ నోరు తెరిచేసింది. "రా రా, చూపిస్తాను!"

జనం పక్కకి తప్పుకున్నారు. సుక్రమ్మకి సముద్రం కనిపించింది.

"అమ్మో అమ్మో అమ్మో! ఇన్ని నీళ్ళే! దీనికి అవతలి గట్టేదీ?"

"గట్టు నేదప్పా."

"నేదా? మరి ఇది ఎక్కడ ఆగుతాదీ?"

ఆ మాట ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అందరూ ఒక్కసారి సముద్రం వైపు తిరిగి, తామూ ఇవాళే వచ్చినట్టు కళ్ళప్పగించి చూశారు.

సుక్రమ్మ పరిగెత్తింది. అల వచ్చి కాళ్ళకి తగిలితే కెవ్వుమని వెనక్కి గెంతింది. మళ్ళీ ముందుకెళ్ళి, గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని థూ అని ఊసింది.

"ఉప్పు! ఇంత ఉప్పు ఎవరు కలిపారే తల్లీ!"

ఊరంతా పడీపడీ నవ్వింది. పీతకి మాత్రం గెంతుతున్న పాదాలు కనిపిస్తున్నాయి, అంతే.

"ఎలా ఉంది? మొహం ఎలా ఉంది?" అని అది కాకిని అడిగింది.

"ముక్కుకి మూడు పోగులున్నాయి!"

కుక్కని అడిగింది.

"బుట్టలోంచి అల్లం వాసనొస్తోంది!"

"మొహం సంగతి చెప్పవేం?" అని పీత కాళ్ళు టపటపా కొట్టుకుంది. చుట్టగా పడున్న మోకు ఎక్కి చూడబోయింది. అప్పుడే తాతారావు ఆ మోకు లాగాడు. పీత వెల్లకిలా పడింది.

ఇంతలో నీళ్ళ మీద సముద్రపు కొంగలు గుంపుగా వాలాయి. అంటే కింద చేపల మంద ఉన్నట్టే! పది రోజులుగా ఆ ఊరికి సరిగ్గా చేప దొరకలేదు.

"వల! పెద్దవల!" అని కేకలు పెడుతూ ఊరంతా పరిగెత్తింది. పెద్దవలని తెప్ప మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేస్తారు. తర్వాత ఒడ్డున నిలబడి అందరూ మోకులు పట్టి లాగాలి.

పోలమ్మ వెళుతూ వెళుతూ అంది. "అప్పా, ఈ అరుగు మీదే కూకో. నీ ఏరు సముద్రంలో కలిసే చోటు ఆ పక్కనుంది. మొగ అంటాం. వల లాగేసొచ్చి నేను తీస్కెల్తాను. ఒక్కదానివీ ఎల్లకు, పోటొచ్చిందంటే నీళ్ళు పైకెగదన్నుతాయి."

సుక్రమ్మ సరేనంది. అరుగు మీద కూర్చుంది. బుట్ట పక్కన పెట్టింది. కాళ్ళు ఊపింది. ఆ పక్కకి తొంగి చూసింది. పదకొండు రోజులు నడిచి వచ్చిన మనిషి, ఇంత దగ్గర్లో ఏరుంటే ఎంతసేపు కూర్చోగలదు?

పాదాలు లేచాయి. ఖణ్ ఖణ్ మంటూ పరిగెత్తాయి. పాదాల వెనకే పీత.

మొగ దగ్గర ఏరు చీలమండ లోతే ఉంది. నడిమధ్యన ఒక ఇసుకదిబ్బ. సుక్రమ్మ నీళ్ళు దాటి దిబ్బ ఎక్కింది. అటు సముద్రం, ఇటు ఏరు. ఒక చెయ్యి అటు ముంచి నాకింది, ఉప్పు. ఇంకో చెయ్యి ఇటు ముంచి నాకింది, తియ్యన!

"నువ్వేనే! నా ఇంటెనకాల పుట్టినదానివే! ఎంత పెద్దదానివయ్యావే తల్లీ!"

"నువ్వా సుక్రప్పా!" అని ఏరు గలగలా నవ్వింది. "నన్ను ఇంతదూరం సాగనంపడానికొచ్చినదానివి నువ్వొక్కదానివే!"

ఇద్దరికీ ఒళ్ళు తెలియలేదు. కొండమీది కబుర్లలో పడిపోయారు.

ఒడ్డున పీత మాత్రం కంగారుపడుతోంది. దాని కళ్ళ ముందు నీళ్ళు ఉబుకుతున్నాయి. పాదాలేవీ? ఇందాక అక్కడే ఉన్న ఎర్రమట్టి పాదాలేవీ? నీళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు!

పీత ఎనిమిది కాళ్ళ కొనల మీద లేచింది. చాల్లేదు. ఇంకా సాగింది. ఒళ్ళంతా బిగబట్టి, ఊపిరి బిగబట్టి, ఇంకా ఇంకా నిక్కింది.

టప్!

ఎడమ కన్ను పైకి లేచింది.

టప్!

కుడి కన్ను లేచింది.

పీతకి మొట్టమొదటిసారిగా ఒక మనిషి మొహం కనిపించింది. ముడతలు పడ్డ చెంపలు, మూడు ముక్కుపోగులు, నోటి నిండా నవ్వు. ఎంత బావుందో! కానీ ఆ మొహం వెనకాల సముద్రం పొంగుతూ వస్తోంది. దిబ్బ చాపంత అయిపోయింది. సుక్రమ్మ చూడటం లేదు.

"సముద్రమ్మా, ఆగు! ఆమె కొండమీది మనిషి, ఆమెకి పోటు తెలీదు!"

"ఆగడం నాకు చేతకాదు పీతా," అంది సముద్రం ఆయాసపడుతూ. "నా వేళయింది. వెళ్ళి ఊరివాళ్ళని పిలు, తొందరగా!"

పీత పరిగెత్తింది. అలా అది ఎన్నడూ పరిగెత్తలేదు. వల దగ్గర ఊరంతా మోకు పట్టి "హైలెస్సా" అంటూ లాగుతోంది. వల అప్పుడే ఒడ్డుకి చేరవస్తోంది. లోపల చేపలు వెండిలా తుళ్ళుతున్నాయి.

"పోలమ్మా!" అని పీత అరిచింది. పీత గొంతెంత? నీటిబుడగంత. ఎవరికీ వినపడలేదు. వరసలో ఉన్న పాదాలన్నీ చూసింది. పగిలిన మడమ కనిపించగానే కసుక్కున పట్టేసింది.

"అమ్మో! ఏటే నీకు రోగం?"

"సుక్రమ్మ! దిబ్బ! పోటు!"

పోలమ్మ తిరిగి చూసింది. మొగ మధ్యలో నడుం లోతు నీళ్ళలో ఒక మనిషి చేతులెత్తి ఊపుతోంది.

వల వదిలేస్తే చేపలన్నీ పోతాయి. పోలమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"వల వొగ్గేయండి! మోకు కోసి తెండి!"

అందరూ చేతులు వదిలేశారు. చేపలు సర్రున సముద్రంలోకి జారిపోయాయి. తాతారావు మోకు నడుముకి కట్టుకుని దూకేశాడు. నీళ్ళు సుక్రమ్మ గడ్డం దాకా వచ్చేసరికి చెయ్యి అందుకున్నాడు. ఊరంతా మోకు పట్టి లాగింది, ఈసారి చేపల కోసం కాదు.

సుక్రమ్మ ఒడ్డున పడి దగ్గింది. గజగజా వణికింది. పోలమ్మ ఆమెని గట్టిగా వాటేసుకుని, అదే చేత్తో వీపు మీద ఒక్కటిచ్చింది.

"కూకోమన్నానా నేదా!"

"తప్పయిపోయిందప్పా. మీ చేపలన్నీ పోయాయి."

"చేపలు రేపూ వస్తాయి. నువ్వు మళ్ళీ వస్తావేటి?"

ఆ పూట గుల్లలపేటలో చేపల పులుసు లేదు. సుక్రమ్మ బుట్టలోని సామలు వండుకుని, అల్లం పచ్చడితో ఊరంతా తలో ముద్ద తిన్నారు. ఎన్నాళ్ళకో ఒక కొత్త రుచి! అందరూ వేళ్ళు నాకారు.

పీత కళ్ళు మాత్రం కిందికి దిగలేదు. డెక్కలతో నొక్కింది. మళ్ళీ టప్ మని లేచాయి.

అప్పుడు సుక్రమ్మ వచ్చి ఇసుకలో బోర్లా పడుకుంది. ఆమె కళ్ళూ పీత కళ్ళూ ఎదురెదురుగా ఉన్నాయి.

"నన్ను చూడ్డానికేనటే ఇన్ని పాట్లు పడ్డావు?"

"ఊఁ," అంది పీత.

"ఎలా ఉన్నాను మరి?"

"పాదాల కంటే బావున్నావు."

సుక్రమ్మ ఫక్కుమని నవ్వింది. ఊరంతా పీత చుట్టూ మూగి, "మా తల్లే, మా బంగారమే" అని పొగిడారు. అన్ని మొహాలు ఒకేసారి! పీతకి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. కళ్ళు మడుచుకుని తుర్రున బొరియలో దూరిపోయింది. కానీ ఉండబట్టగలదా? కాసేపటికి కళ్ళు రెండూ మెల్లగా పైకి వచ్చాయి.

అప్పటినుంచే ఇసుకపీత కళ్ళు పుల్లల మీద నిలబడి ఉంటాయి. ఏ సముద్రపు ఒడ్డుకైనా వెళ్ళి చూడండి. మీ అడుగుల చప్పుడు వినగానే బొరియ అంచున రెండు నల్లటి కళ్ళు నిక్కి చూస్తాయి. "ఎవరొచ్చారు? ఏ ఊరు?" అని. మీరు దానివైపు చూశారో, సిగ్గుతో లోపలికి తుర్రుమంటుంది. అప్పుడు కదలకుండా నిలబడండి. మళ్ళీ వస్తుంది. మీ మొహం చూడందే దానికి తోచదు మరి.